పెద్దమ్మ పేపరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతుళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మాస్టారూ, మీ సర్వీసు మొత్తంలో మీకు బాగా గుర్తుండిపోయిన స్టూడెంటు ఎవరు?" అని. ఏ డాక్టరు పేరో ఇంజనీరు పేరో చెబుతానని చూస్తారు. నాకు గుర్తుండిపోయిన మనిషి పదో తరగతి పాసవలేదు. ఆ మాట చెప్పగానే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి, టాపిక్ మార్చేస్తారు. అడగడం ఎందుకు, మార్చడం ఎందుకు? అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. ఓపికున్నవాళ్ళు చదవండి.

నేను ఇంగ్లీషు మాస్టారిని. మాది బొబ్బిలి వైపు. సర్వీసు చివరి ఏళ్ళలో నన్ను పాడేరుకి అవతల ఒక మండల కేంద్రంలో ఆశ్రమ పాఠశాలకు వేశారు. చదువు మధ్యలో ఆపేసిన పెద్దవాళ్ళకు పదో తరగతి పాఠాలు చెప్పే కేంద్రం ఒకటి ఆ బడి వరండాలోనే నడిచేది. ఇంగ్లీషు నా నెత్తిన పడింది.

ఆదివారం క్లాసు పెట్టమని పై నుంచి కాగితం వచ్చింది. పెట్టాను. ఒక్కరూ రాలేదు. కొందరు ప్రార్థనకు పోతారు, కొందరు పొలానికి పోతారు, నా ఈజ్, ఆర్ కోసం కొండ దిగాల్సిన ఖర్మ ఎవరికీ లేదు. వాళ్ళు కొండ దిగేది సంత రోజున. సరే, సంత రోజే పెట్టాను. పసుపో పిప్పళ్ళో అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, బుట్టలు వరండా గోడకి పేర్చి కూర్చునేవారు. ఇంగ్లీషు గ్రామర్ అనగానే ఇప్పటికీ నా ముక్కుకి ఎండుచేపల వాసనే తగులుతుంది.

మా సోషల్ మాస్టారు నన్ను చూసి నవ్వేవాడు. "ఎందుకయ్యా నీకీ ఆపసోపాలు? డబ్బు కట్టినవాళ్ళకి సెంటర్లో స్లిప్పులు అందుతాయి, కట్టనివాళ్ళు ఎలాగూ పాసవరు. మధ్యలో నీ గ్రామర్ ఎవరికోసం?" అనేవాడు. మంచివాడే, అబద్ధం చెప్పేవాడు కాదు. అందుకే ఒళ్ళు మండేది. నాకు ముక్కు మీదే కోపం. "నా పిల్లలు రాసి పాసవుతారు, చూస్తూ ఉండు" అన్నాను. పిల్లలు అంటున్నానే గానీ వాళ్ళలో నాకంటే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు.

పెద్దవాళ్ళకు గ్రామర్ చెప్పడం చిన్నపిల్లలకు చెప్పినట్టు కాదు. చిన్నపిల్లవాడు తప్పు చెప్పి నవ్వేసి ఊరుకుంటాడు. పెద్దవాళ్ళు తప్పు చెబితే తల దించుకుంటారు, ఇంక ఆ రోజంతా నోరు విప్పరు. వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. అందులో ఆడకీ మగకీ వేరే మాటలుండవు, అతడైనా ఆమైనా ఒకటే మాట. దాంతో మీసాల మనిషిని షీ చేసేవారు, ఊళ్ళో ముసలామెని హీ చేసేవారు. నేను గట్టిగా అరిచేవాడిని. వాళ్ళు నవ్వేవారు కాదు, భయపడేవారు. నాలుగు సంతలు గడిచాక నేనే అరవడం మానేశాను.

వాళ్ళలో ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ముప్ఫై దాటిందో లేదో, అప్పటికే భర్త పోయాడు. వాళ్ళ ఊరికి బండి దారి లేదు. గెడ్డ, అంటే కొండవాగు, దాటి కొండెక్కాలి. ఆ ఊళ్ళో మందుబిళ్ళలిచ్చే ఆరోగ్య కార్యకర్త పోస్టు ఖాళీ అయింది. పదో తరగతి పాసైనవాళ్ళకే ఇస్తారు. ఆ ఊళ్ళో పాసైనవాళ్ళు లేరు. ఈ పరీక్ష ఫలితాల దాకా ఆగుతాం, అప్పటికీ మీ ఊరివాళ్ళు ఎవరూ లేకపోతే కింద ఊళ్ళ నుంచి ఎవరినో ఒకరిని వేసుకుంటాం అని ఆఫీసువాళ్ళు చెప్పారు. అందుకని ఆమె చదువుకు వచ్చింది. మిగతా సబ్జెక్టులు ముందే రాసి గట్టెక్కింది. ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది.

ఆమెకి తోడుగా ఒక పెద్దామె వచ్చేది. ఆ ఊరి అంగన్‌వాడీలో ఆయా. అమ్మాయి ఆమెను పెద్దమ్మా అని పిలిచేది, మాకూ ఆమె పెద్దమ్మే అయిపోయింది. నిజానికి ఆమెకి పదో తరగతితో పనేమీ లేదు. అడివి దారిలో ఆడగుంటని ఒక్కదాన్నీ పంపడం ఇష్టంలేక వచ్చేది. వచ్చినదాన్ని ఊరికే కూర్చోవడమెందుకని పలక పట్టింది, తర్వాత పెన్ను పట్టింది. ఫీజు కట్టేటప్పుడు, "నీకెందుకమ్మా పరీక్ష?" అని అడిగాను.

"దాన్ని ఒక్కదాన్నీ లోపల కూకోబెట్టీసి నాను బయట కూకుంటానేటి సారూ? నానూ కూకుంటాను. వత్తే వత్తాది, నేకపోతే నేదు" అంది.

ఒకరోజు ఈజ్‌తో వాక్యాలు చేయిస్తున్నాను. మా నాన్న రైతు, మా అన్న డ్రైవరు, ఇలాంటివి. అందరూ ఒక్కొక్కటి చెబుతున్నారు. అమ్మాయి వంతు వచ్చింది. లేచి నిలబడింది గానీ మాట్లాడలేదు. నేను విసుక్కున్నాను.

"సచ్చిపోనోలకి ఏటి పెట్టాల సారూ? ఆలకీ ఈజేనా?" అంది.

అది ముందు పాఠం, తర్వాత చెబుతాను అనబోయాను. అనలేకపోయాను. బోర్డు మీద ఈజ్ తుడిచేసి వాజ్ రాశాను. పోయినవాళ్ళకి ఇది పెట్టాలి అన్నాను. అంతే, ఒక్కొక్కరూ లేచారు. భర్త, చెల్లి, నాన్న, ఇద్దరు పిల్లలు. వరండా అంతా వాజ్‌లే. వీళ్ళకి ముందు చెప్పాల్సిన పాఠం ఇదేనేమో అనిపించింది. అమ్మాయి తన వాక్యం తప్పు లేకుండా రాసింది. భర్తకు జ్వరమట. మాత్రలు ఇంట్లోనే ఉన్నాయట. ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పేవాళ్ళు లేక, డోలీ కట్టి మోసుకొస్తుంటే దారిలోనే పోయాడట. అదంతా ఆమె ఏడవకుండా చెప్పింది.

కలుపుల రోజుల్లో ఇద్దరూ రెండు సంతలు రాలేదు. చీవాట్లు పెడదామని నేనే కొండెక్కాను. ఊరికి ముందే, వాలులో చోడి చేను, అదే రాగి చేను. ఆడవాళ్ళంతా మునుం పట్టి కలుపు తీస్తున్నారు. ఒక్కొక్కరు ఒక్కో పట్టీ తీసుకుని, అందరూ ఒకే వరసలో పైకి పోవడం, అదీ పద్ధతి. మన వైపూ ఉన్నదే. కానీ మన వైపు చేయి తిరిగినవాళ్ళు ముందుకు పోతారు, వెనకబడినవాళ్ళు తిట్లు తింటారు. ఇక్కడ అమ్మాయి తన పట్టీ ముగించి గట్టు మీద కూర్చోలేదు. తిరిగి వచ్చి, వెనకబడిన పెద్దమ్మ పట్టీలో పై నుంచి దిగుతూ కలుపు తీసింది. ఇద్దరూ మధ్యలో కలిశారు. ఒక మాట లేదు, ఒక చూపు లేదు. అప్పుడే వరసంతా నడుం ఎత్తింది.

నాకు క్లాసు గుర్తొచ్చింది. వరండాలో కూడా ఇదే తంతు. ముందు రాసేసినవాళ్ళు మెల్లిగా పక్కకి జరిగి, వెనకబడినవాళ్ళ పలక తీసుకుని పూర్తి చేసేసేవారు. ఎన్నిసార్లు కసిరానో! "ఎవరిది వాళ్ళు చెయ్యండి" అంటే బుద్ధిగా తలూపేవారు, మళ్ళీ అదే పని చేసేవారు. ఆ చేను చూశాక నాకు కోపం పోయింది గానీ భయం పట్టుకుంది. అందుకే పరీక్షకు ముందు సంతలో అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను. "పక్క పేపర్లోకి చూడకూడదు. పక్కవాళ్ళని అడగకూడదు. కాగితాలు పట్టుకెళ్ళకూడదు." మూడూ వాళ్ళ చేత అప్పజెప్పించాను కూడా.

పరీక్ష సెంటరు కింద టౌనులో పడింది. ఇంగ్లీషు రోజున వాళ్ళతోపాటు నేనూ జీపెక్కాను. సబ్జెక్టు మాస్టారిని లోపలికి రానివ్వరు కాబట్టి ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాను. అమ్మాయి హాలు టికెట్టు పైట కొంగులో కట్టుకుని వెళ్ళింది. పెద్దమ్మ వెనక్కి తిరిగి, "బేగి వచ్చీత్తాం సారూ, ఎల్లిపోకండి" అంది.

లోపల ఏం జరిగిందో ఆ గదిలో డ్యూటీ చేసిన టీచరు తర్వాత నాకు చెప్పింది. ఆ గదిలో మా సంత ఊళ్ళో జీపు స్టాండు పక్కన కొట్టు నడిపేవాళ్ళ కోడలు కూడా ఉంది. ఆమెకీ, ఇంకా చాలామందికీ స్లిప్పులు వచ్చాయి. వాళ్ళు హాయిగా రాసుకుంటున్నారు. అమ్మాయి తల ఎత్తకుండా రాసి ముగించింది. పెద్దమ్మ ముందు సగం ఏదో రాసింది, ఆ తర్వాత చేయి ఆగిపోయింది. పెన్ను బెంచీ మీద పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గేటు దగ్గర స్క్వాడ్ బండి ఆగింది. బయట అటెండరు గట్టిగా దగ్గాడు. అది గుర్తు. స్లిప్పులు కొన్ని జాకెట్లలోకి, కొన్ని కిటికీలోంచి కింద గడ్డిలోకి పోయాయి. క్షణంలో గదంతా బుద్ధిమంతుల గది అయిపోయింది. ఆ దగ్గు అర్థం తెలియని మనిషి ఒక్కతే ఉంది. అమ్మాయి తన బెంచీ మీంచి లేచి, నడుచుకుంటూ పోయి, పెద్దమ్మ పక్కన కూర్చుని, పేపరు తన ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. స్క్వాడ్ ఆఫీసరు వచ్చి వెనక నిలబడ్డా ఆపలేదట. వాక్యం పూర్తి చేసి, చుక్క పెట్టి, అప్పుడు లేచి నమస్కారం పెట్టిందట.

నన్ను పిలిపించారు. ఆఫీసు గదిలో ఇద్దరూ గోడ పక్కన నిలబడి ఉన్నారు. పెద్దమ్మ వణుకుతోంది. అమ్మాయి మాత్రం నన్ను చూడగానే, ఇదిగో మా సారొచ్చారు, ఇంక అన్నీ ఈయనే చెబుతారు అన్నట్టు ముఖం పెట్టింది. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఆఫీసరు దుర్మార్గుడు కాదు. అది కూడా చెప్పాలి. తల పట్టుకుని కూర్చున్నాడు. "ఏమ్మా, నీ పేపరు నువ్వు చక్కగా రాసుకున్నావు. చూశాను, పాసయ్యేదానివి. ఆమె దగ్గరకెందుకు వెళ్ళావు?"

"నాది అయిపోనాది సారూ. పెద్దమ్మది అవనేదు."

"అవకపోతే?"

ఆమెకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నా వైపు చూసింది.

"మీ మాస్టారు చెప్పలేదా, పక్క పేపర్లు చూడకూడదని?"

"సెప్పినారు. నాను పక్క పేపరు సూడనేదు సారూ. ఎవుల్నీ అడగనేదు. కాయితాలు తేనేదు. కావాలంటే ఎతుక్కోండి."

నేను చెప్పిన మూడూ అక్షరం పొల్లుపోకుండా పాటించింది. పరీక్షల నిబంధనలన్నీ తీసుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇచ్చే మనిషి ఇంత బాహాటంగా లేచి వస్తుందని వాటిని రాసినవాళ్ళకీ తోచలేదు, అప్పజెప్పించిన నాకూ తోచలేదు.

ఆఫీసరు నన్ను పక్కకి పిలిచాడు. "మాస్టారూ, నా వెనక పై అధికారి ఉన్నాడు, ఏదో ఒకటి రాయకుండా వదలలేను. పెద్దావిడ బలవంతం చేస్తే భయపడి రాశానని చెప్పమనండి. ఈ అమ్మాయిని వదిలేస్తాను. ఆవిడకి ఈ పరీక్షతో ఎలాగూ పని లేదంటున్నారు కదా."

నేను వెళ్ళి ఆమెకి చెప్పాను. బతిమాలాను. "అలా అనమ్మా. ఒక్క మాట. నీ పోస్టు నీకొస్తుంది. మీ ఊరికి మందులొస్తాయి." పెద్దమ్మ నాకంటే ముందే అందుకుంది. "అవును బాబూ, నానే రాయమన్నాను. నానే దాని సెయ్యి అట్టుకుని లాగినాను. నన్ను కొట్టీండి, దాన్ని ఒగ్గీండి."

అమ్మాయి ఆమె చేయి పట్టుకుంది. "అబద్దం సారూ. పెద్దమ్మ నన్నేటీ అడగనేదు. పెద్దదాయి కదా, భయంకొద్దీ అంతంది. నానే నెగిసి ఎల్లినాను."

"ఒక్క మాట అనవే, నా తల్లివి కదూ" అని పెద్దమ్మ ఏడ్చింది. అమ్మాయి అనలేదు. మొండితనం కాదది. చెయ్యని తప్పు ఒక మనిషి మీద పెట్టి తాను బయటపడటం అనే పని ఆమెకి చేతకాదు, అంతే. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. చెంప మీద ఒకటి వెయ్యాలనిపించింది. ఆ గదిలో అందరిలోకీ ఎక్కువ సిగ్గు పడాల్సింది నేనేనని నాకు తెలుసు, గడ్డిలో స్లిప్పులు ఎక్కడ పడ్డాయో టీ కొట్లోంచి చూశాను కూడా. ఆ స్లిప్పుల సంగతి చెప్పాను. ఆఫీసరు మనిషిని పంపాడు. అటెండరు అప్పటికే గడ్డి ఊడ్చి శుభ్రం చేసేశాడు.

ఇద్దరి పేపర్లూ కొట్టేశారు. తర్వాతి పరీక్షకు కూడా కూర్చోకూడదని రాశారు. తిరిగొచ్చే జీపులో పెద్దమ్మ మధ్యమధ్య, "నాను పేపరు ఇచ్చీసి బయటికొచ్చీవలసింది" అని తనలో తాను అనుకుంటూనే ఉంది.

ఫలితాలొచ్చాయి. కొట్టువాళ్ళ కోడలు పాసైంది. కొండ మీది ఊరి పోస్టు ఆమెకిచ్చారు. ఆమెనీ నేను తిట్టను. ఎండాకాలం గెడ్డ దాకా జీపులో వెళ్ళి, నడిచి ఎక్కి, మందులిచ్చి వచ్చేది. వానలు పట్టాక గెడ్డ పొంగింది. నీళ్ళలో దిగమని ఎవరంటారు? ఆమె ఇంట్లో చంటిపిల్ల ఉంది. వారం ఆగి చూద్దాం, ఇంకో వారం చూద్దాం అనుకుంటూ ఉండిపోయింది.

ఆ వానల్లో పెద్దమ్మకి జ్వరం వచ్చింది.

ఆ కబురు సంతలో మా సోషల్ మాస్టారు విని వచ్చి నాకు చెప్పాడు. ఆ రోజు ఆయన నవ్వలేదు. డోలీ కట్టి గెడ్డ దాకా తెచ్చారట. నీళ్ళు తీసేదాకా అవతలి ఒడ్డునే కూర్చున్నారట. నీళ్ళు తీశాయి గానీ అప్పటికే దాటించాల్సిన అవసరం పోయింది. అమ్మాయి డోలీ పక్కనే నడిచిందట, మళ్ళీ డోలీ పక్కనే వెనక్కి నడిచిందట. ఆ పోస్టు ఆమెకి వచ్చి ఉంటే పెద్దమ్మ బతికేదా? ఏమో, నేను డాక్టరుని కాను. మాత్రలు మాత్రం ఊళ్ళోనే ఉండేవి, అవి ఎప్పుడెలా వెయ్యాలో తెలిసిన మనిషీ ఊళ్ళోనే ఉండేది.

గెడ్డ తగ్గాక నేను కొండెక్కాను. నా రిటైర్మెంటు దగ్గర పడింది. వచ్చే ఏడాది మళ్ళీ పరీక్ష రాసుకోవచ్చు, దిగువనే ఇంకో రెండు ఊళ్ళలో పోస్టులు ఖాళీ అవుతున్నాయి అని చెబుదామని వెళ్ళాను. ఇంకొకటి కూడా చెప్పాలనుకున్నాను. ఈసారి ఎవరేమైనా సరే, బెంచీ మీంచి లేవనని నా చేతిలో చెయ్యేసి చెప్పమందామనుకున్నాను. దారి పొడుగునా ఆ మాటలే కూర్చుకుంటూ ఎక్కాను.

అదే వాలు. ఆడవాళ్ళు మునుం పట్టి ఉన్నారు. పక్కన ఒక చేను కలుపు కమ్మి, చోడి కనిపించకుండా ఉంది. అది అమ్మాయి చేనని తెలుసు. వాళ్ళు తీస్తున్నది పెద్దమ్మ చేను. నన్ను చూసి ఆమె నడుం ఎత్తింది. చిక్కిపోయింది.

"కూకోండి సారూ. పెద్దమ్మది అవనీండి, వత్తాను" అంది.

గట్టు మీద కూర్చున్నాను. ఆమె తన పట్టీ ముగించి, వెనకున్న ముసలామె పట్టీలో దిగి, అదీ ముగించాక వచ్చింది. పరీక్ష సంగతి, పోస్టుల సంగతి చెప్పాను. తల వంచుకుని విన్నది. చేతికంటిన మట్టి దులుపుకుంది.

"రాత్తాను సారూ. రాయడం వచ్చు నాకు. మరి పక్కన ఎవులైనా ఆగిపోతే? నెగవకుండా ఉండమంటారా?"

లేవకుండా ఉండమని చెప్పడానికే నేను కొండెక్కాను. ఆమె నా ముఖంలోకి చూస్తోంది, నేనేం చెబితే అది చేసేలా ఉంది. కింద వరసలో ఎవరో ఆమెని పిలిచారు. పెద్దమ్మ చేను ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"ముందు అది చూసుకో అమ్మా" అన్నాను.

ఆమె దిగి వెళ్ళింది. నేను ఇంకాసేపు కూర్చుని, చెప్పాలనుకున్నది చెప్పకుండానే కొండ దిగాను. ఆమె మళ్ళీ పరీక్షకు రాలేదు.